అంగీ నిజమే, రక్తమే వేరు!

యాకోబు ముందుకు యోసేపు నిలువుటంగీ వచ్చింది. అది నెత్తుటితో తడిసి ఉంది. ఇది నీ కుమారుడిదో కాదో చూడమని మాత్రమే అడిగారు. యోసేపు చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. అంగీ నిజంగా యోసేపుదే, రక్తం మాత్రం మేకపిల్లది. మిగిలిన అబద్ధాన్ని తండ్రి మనసే అల్లుకుంది. క్రూరమృగం చంపిందని తానే తేల్చుకుని గోనెపట్ట కట్టుకున్నాడు (ఆది 37:31-34). ఎవరినైనా పంపి విచారించినట్లు వాక్యంలో కనబడదు.

ఎన్నికల వేళ కృత్రిమ మేధతో జరుగుతున్న మోసం కూడా ఇలాంటిదే. ముఖం నాయకుడిదే, గొంతూ ఆయనదే అనిపిస్తుంది, మాట మాత్రం ఆయనది కాదు. 2023 నవంబరు 30న తెలంగాణలో ఓటర్లు వరుసల్లో నిలబడిన వేళ, బీఆర్ఎస్ నాయకుడు కేటీఆర్ కాంగ్రెస్‌కు ఓటేయమంటున్నట్లున్న ఏడు సెకన్ల వీడియో ఫోన్లలో తిరిగింది. అది కల్పితం. 2024 మే 13న మన రాష్ట్రంలో పోలింగ్‌కు వారం ముందు, ఇలాంటివి తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తొలగించాలని ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది. కానీ మూడు గంటల్లో ఒక బొమ్మ ఎన్ని గడపలు దాటుతుంది? 22 ఏళ్ల తర్వాత యోసేపు బ్రతికే ఉన్నాడని చెప్పినప్పుడు, యాకోబు ముందు ఆ నిజాన్నే నమ్మలేకపోయాడు (ఆది 45:26).

మంచి పని కోసమైతే తప్పేమిటని కొందరంటారు. 2025లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు నరికిన మాట వాస్తవం. దానికి తోడు, పారిపోతున్న జింకలు, నెమళ్లంటూ కృత్రిమ మేధతో చేసిన బొమ్మలూ తిరిగాయి. సుప్రీంకోర్టు ఏప్రిల్ 3న హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపి, నివేదిక తెప్పించుకుని నరికివేతను ఆపించింది. బాగా విచారించాకే తీర్పు చెప్పాలన్నది దేవుడు ఇశ్రాయేలుకిచ్చిన ఆజ్ఞ కూడా (ద్వితీ 19:18). సత్యానికి అబద్ధం తోడు అక్కరలేదు.

ఆ బొమ్మలను తయారు చేసేది మనం కాదు. కానీ ఆరాధన ముగిసి మందిరం మెట్లు దిగకముందే, 'నిజమో కాదో తెలియదు, వచ్చింది పంపుతున్నాం' అంటూ సంఘం వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాం. యోసేపు అన్నలు అడిగిందీ సరిగ్గా అదే! వారు ఆ అంగీని పంపారని వాక్యం చెబుతోంది. మోసుకెళ్లిన చేతులకు ఆ రక్తం ఎవరిదో తెలియకపోయి ఉండవచ్చు. అయినా ఆ తండ్రి గుండె పగిలింది వారి చేతుల మీదుగానే. లేని వార్తను పుట్టించకూడదని, దుష్టునితో చేతులు కలపకూడదని ధర్మశాస్త్రం ఒకే వచనంలో హెచ్చరించింది (నిర్గమ 23:1).

పార్టీ పగలు ఎన్ని ఇళ్లను కూల్చాయో కర్నూలు, కడప పల్లెలకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన సంఘాల్లోనూ రెండు పార్టీలవారూ ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టెలో పాలు పొందుతున్నారు. ఒక తప్పుడు బొమ్మ కోసం ఆ సహవాసాన్ని చీల్చుకుందామా? మన పార్టీకి లాభించే బొమ్మనైతే మరింత గట్టిగా విచారించాలి, ఎందుకంటే దాన్నే మన మనసు త్వరగా నమ్ముతుంది. పొరపాటున ఇప్పటికే పంపి ఉంటే, అదే గ్రూపులో 'అది అబద్ధం, క్షమించండి' అని రాద్దాం. అలా రాయడానికి సిగ్గుపడనవసరం లేదు. సత్యమే తానైన ప్రభువును వెంబడించేవారికి అది సాక్ష్యం!