మెదడులో ప్లాటినం తీగ.. మెటలర్జీకి మరో దారి

శ్రీకూర్మం నుంచి పొద్దున్నే బస్సెక్కి కాలేజీకి వెళ్లే మెకానికల్, మెటలర్జీ విద్యార్థులా మీరు? అయితే ‘కోర్ బ్రాంచిలో ఉద్యోగాలెక్కడున్నాయి?’ అన్న మాట ఇంట్లోనో వీధిలోనో వినే ఉంటారు. జవాబు వెతకాలంటే స్టీల్ ప్లాంటు దగ్గరే ఆగిపోనక్కర్లేదు. వెంట్రుకంత సన్నటి ఒక తీగ కథ చూడండి.

మెదడులో రక్తనాళం గోడ బలహీనపడిన చోట బుడగలా ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజం. పగిలితే ప్రాణాపాయం. ఒకప్పుడు పుర్రె తెరిచి, బుడగ మొదట్లో క్లిప్పు పెట్టడమే ప్రధాన మార్గం. 1990లో గ్విడో గుగ్లియెల్మీ అనే వైద్యుడు కాలిఫోర్నియాలో మరో దారి చూపించారు. గజ్జ దగ్గరి రక్తనాళం నుంచి సన్నటి గొట్టం పంపి, ఆ బుడగలో ప్లాటినం తీగచుట్టలు నింపుతారు. లోపల రక్తం గడ్డకట్టి, ప్రవాహం ఆగుతుంది. వాటినే కాయిల్స్ అంటారు. పగిలిన ఎన్యూరిజంలపై 2002లో వచ్చిన ఐశాట్ అధ్యయనంలో, ఏడాది తర్వాత మరణించినవారు లేదా ఇతరులపై ఆధారపడినవారు క్లిప్పు పెట్టినవారిలో 30.6 శాతం, కాయిల్ వేసినవారిలో 23.7 శాతం.

ఏ లోహం, ఎందుకు?

ప్లాటినం మెత్తన, రక్తంలో తుప్పు పట్టదు, ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తుంది. అందులో సుమారు 8 శాతం టంగ్‌స్టన్ కలిపితే తీగకు బలం వస్తుంది. మరి మొత్తం టంగ్‌స్టన్‌తోనే చేస్తే? అదీ చేశారు. కొందరు రోగుల్లో ఆ కాయిల్స్ క్రమంగా కరిగిపోయి, రక్తంలో టంగ్‌స్టన్ పెరిగింది. మిశ్రమంలో మేలు చేసిన లోహమే ఒంటరిగా నిలబడలేకపోయింది!

తర్వాత పాలిమర్ పూత వచ్చింది. ఒంట్లో కరిగే కుట్ల దారం లాంటి పదార్థమిది. గాయం త్వరగా మానుతుందని ఆశ. రోగులను రెండు వర్గాలుగా విడదీసి పోలిస్తే, మామూలు ప్లాటినం కంటే మెరుగని తేలలేదు. రక్తంలో ఉబ్బే హైడ్రోజెల్ కాయిల్స్‌తో మాత్రం బుడగ మళ్లీ తెరుచుకోవడం తగ్గిందని 2011లో హెల్ప్స్ అధ్యయనం చూపింది. అయితే రోగుల ఆరోగ్య ఫలితాల్లో స్పష్టమైన తేడా రాలేదు. ‘కొత్త మెటీరియల్’ అనగానే ‘మంచిది’ అనుకోవద్దు. ఏం కొలిచారు, ఎన్నాళ్లు చూశారు అని అడగాలి. ఇంజినీరు పని అక్కడే మొదలవుతుంది.

మన దగ్గరేముంది?

కాయిల్‌కు దగ్గరి చుట్టం ఫ్లో డైవర్టర్. బుడగను నింపకుండా, నాళంలోనే అల్లిక గొట్టంలా కూర్చుని ప్రవాహాన్ని మళ్లిస్తుంది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ నిటినాల్‌తో దాన్ని రూపొందించి, 2020లో పుణెకు చెందిన బయోరాడ్ మెడిసిస్‌తో ఒప్పందం చేసుకుంది. ఆ నికెల్-టైటానియం మిశ్రమం బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్‌ది. విమానాల ల్యాబు లోహం మెదడు దాకా వచ్చిందన్నమాట.

మనకు దగ్గర్లో విశాఖలో 270 ఎకరాల మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ పరికరాల తయారీ కంపెనీలతో పాటు పరీక్షా ల్యాబులూ ఉన్నాయి. పైగా 2023 అక్టోబరు నుంచి ఎక్కువ ప్రమాద శ్రేణులైన సి, డి పరికరాలకూ లైసెన్సు తప్పనిసరైంది. కాబట్టి డిజైన్ ఒక్కటే కాదు, టెస్టింగ్, నాణ్యత, నియంత్రణ పత్రాలు చూసేవాళ్లూ కావాలి.

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని ఖాళీలు ఇక్కడుండవు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. అయినా సిద్ధమవ్వాలనుకుంటే తుప్పు, అలసట, షేప్ మెమరీ పాఠాలను పరీక్ష కోసమే చదివి వదిలేయకండి. నాణ్యతకు ఐఎస్ఓ 13485, ఒంటికి పడుతుందా లేదా తేల్చే పరీక్షలకు ఐఎస్ఓ 10993 ఏం చెబుతాయో తెలుసుకోండి. ఫైనలియర్ ప్రాజెక్టుకు ఉప్పునీటిలో వైద్య లోహాల తుప్పును కొలిచినా చాలు. ఇంటర్వ్యూలో ‘ఈ లోహమే ఎందుకు?’ అని అడిగితే, మీ దగ్గర సొంత అంకెలుంటాయి.