ముద్ర చెరిపేసిన పాట

త్యాగరాజ కీర్తన చివరి చరణానికి వచ్చేసరికి ఆయన పేరు చెవిన పడుతుంది. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు, అన్నమయ్య సంకీర్తనలో వెంకటేశుడు ఆ పనే చేస్తారు. దాన్ని ముద్ర అంటాం. కాపీరైట్ అన్న మాట ఈ దేశంలో ఎవరూ ఎరగని కాలంలో వాగ్గేయకారులు చేసుకున్న ఏర్పాటు అది. పాట ఎవరైనా పాడుకోవచ్చు, అనుమతి అక్కర్లేదు, రుసుం లేదు. పేరు తీసేయాలంటే మాత్రం చరణాన్నే చింపాలి. ఇవాళ వ్యవహారం తలకిందులైంది. అనుమతి దగ్గర, డబ్బు దగ్గర పట్టు బిగించాం. పేరు దగ్గర చూసీచూడనట్టు పోతున్నాం. ఒకరి సంగీతాన్ని మరొకరు వాడుకున్నప్పుడల్లా ‘ఇది ఎవరి ఆస్తి’ అని మాత్రమే అడగడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ‘ఇది ఎవరు చేశారు’ అన్నది వేరే ప్రశ్న, నా దృష్టిలో ముందు అడగాల్సిన ప్రశ్న.

2002లో అమెరికాలో ట్రూత్ హర్ట్స్ అనే గాయని పాట ‘అడిక్టివ్’ బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి పదిలోకి ఎక్కింది. అందులో పాట పొడవునా వినిపించేది లతా మంగేష్కర్ గొంతు. 1981 నాటి ‘జ్యోతి’ అనే హిందీ సినిమాకు బప్పీ లహిరి కట్టిన పాటను సంగీత నిర్మాత డీజే క్విక్ తీసుకుని, కింద డ్రమ్స్ వేసి తిప్పి తిప్పి వాడాడు. సీడీ మీద బప్పీ పేరు లేదు. ఆయన కోర్టుకెక్కారు. 2003లో లాస్ ఏంజెలెస్ న్యాయమూర్తి ఆ పేరు వేసేదాకా ఆల్బం అమ్మొద్దన్నారు. తర్వాతే కథ అడ్డం తిరిగింది. పాట హక్కులను బప్పీ ఎన్నడో సినిమా నిర్మాతకు వదిలేసుకున్నారని తేలి దావా వీగిపోయింది. ఆయన లాయరుకు పడిన జరిమానాను 2010లో అప్పీళ్ల కోర్టు కూడా సమర్థించింది. ఆస్తి ఎవరిదంటే బప్పీది కాదని జవాబు వచ్చింది. బాణీ ఎవరు కట్టారంటే మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా జవాబు ఒక్కటే. (బప్పీ కూడా తక్కువ తినలేదు. ‘జ్యోతి’ తర్వాత మరుసటి ఏడాదే వచ్చిన ‘డిస్కో డాన్సర్’లో బగుల్స్ బృందం బాణీని హాయిగా దించేశారు.)

నిర్మాతకు అంత హక్కు ఎక్కడిదంటే, 1977లో మన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు నుంచి. డబ్బిచ్చి సినిమా కోసం పాట కట్టించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు నిర్మాతదేనని అందులో తేల్చారు. అదే తీర్పులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక మాట చేర్చి, పాడేవాళ్లకు చట్టంలో చోటు లేకపోవడమేమిటని బాధపడ్డారు. కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణతో కొంత మారింది. గీత రచయితలు, స్వరకర్తలు తమ రాయల్టీ వాటాను ఇప్పుడు వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. హక్కు అమ్ముకున్నా కర్తగా పేరు చెప్పుకునే వీలు అదే చట్టం 57వ సెక్షన్‌లో ముందునుంచీ ఉంది. కానీ ఒక్క పేరు కోసం ఏళ్ల తరబడి కోర్టు మెట్లెక్కే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

సంగీతమంతా అరువే కదా, కల్యాణి రాగం ఎవడబ్బ సొమ్మని అడిగేవాళ్లున్నారు. నిజమే, రాగం ఎవరిదీ కాదు, బాణీలు ఊళ్లు దాటడమూ కొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులు అంతటివారు కంపెనీ దొరల బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం రాశారు. ‘సంతతం పాహిమాం’ బ్రిటిష్ రాజగీతం బాణీయే. అయితే అలాంటి రచనలను మనవాళ్లు ఏమన్నారో చూడండి: నొట్టుస్వరాలు. ఇంగ్లీషు ‘నోట్’ ఆ పేరులోనే కూర్చుంది. ఎక్కడినుంచి వచ్చిందో దాచలేదు, దాచనందువల్ల దీక్షితుల గొప్ప తగ్గనూ లేదు. అరువు తెచ్చుకోవడాన్ని నేను తప్పుపట్టను. అనుమతుల విషయంలో చట్టం ఇంకాస్త సడలినా నాకు అభ్యంతరం లేదు. తెచ్చిన చోటు చెప్పకపోవడం దగ్గరే నా పేచీ.

పేరు కూడు పెడుతుందా అన్నది గట్టి ప్రశ్న. దానికి దక్షిణాఫ్రికాలో జవాబుంది. 1939లో జొహానెస్‌బర్గ్ స్టూడియోలో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు ‘ఎంబూబే’ పాడి, దాని హక్కులను పది షిల్లింగులకు వదులుకున్నాడు. రికార్డు అమెరికా చేరింది. అక్కడ జానపద గాయకుడు పీట్ సీగర్ చెవికి ‘ఉయింబూబే’ అన్న జులూ మాట ‘విమోవే’గా వినపడింది, పాట పేరూ అదే అయింది. కర్త స్థానంలో పాల్ క్యాంప్‌బెల్ అని వేశారు. అలాంటి మనిషే లేడు, అది సీగర్ బృందం పెట్టుకున్న మారుపేరు. 1961లో అదే బాణీ మరో రూపంలో అమెరికాను ఊపేసింది. మరుసటి ఏడాది లిండా పేదరికంలో పోయాడు. ‘లయన్ కింగ్’ కూడా ఆ బాణీని వాడుకుంది. 2000లో ఒక పత్రికా రచయిత లిండా పేరునూ కథనూ లోకానికి చెప్పాకే కదలిక వచ్చింది. కూతుళ్లు దావా వేశారు, 2006లో రాజీ కుదిరి డబ్బు అందింది. పేరు లేనన్నాళ్లూ ఎవరికి బాకీ ఉన్నారో కూడా తెలియలేదు.

మన జానపదాల దగ్గరికొస్తే, 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో వాటికి ప్రత్యేక రక్షణేమీ లేదు. కర్త తెలియని పాటకు ఎవరి పేరు వేయాలంటారు. విన్నది ఎవరి నోట, ఏ ఊళ్లో అన్నది తెలుసు కదా, అది వేయండి. సినిమా టైటిల్స్‌లో ‘జానపదం’ అన్న ఒక్క మాటతో సరిపెట్టే చోట, యూట్యూబ్ వీడియో కింద హీరో అభిమాన సంఘాల లింకులన్నీ పట్టే చోట, ఆ పాట పాడి వినిపించిన ముసలమ్మ పేరూ ఊరూ కూడా పడతాయి.