ఆటకట్టు సమస్యలు - కంప్యూటరు సాయము

చదరంగమున ఆటకట్టు సమస్య యనునది బుద్ధికి మంచి సాము. తెల్లపావులు ఇన్ని ఎత్తులలో నల్లరాజు ఆట కట్టవలెను. నలుపు ఏ ఎత్తుతో బదులిచ్చినను తప్పించుకొనరాదు. ఇట్టి సమస్యలను మన విద్యార్థులు కొందరు ఫోనులోని ప్రోగ్రామున కొప్పగించి, క్షణములో జవాబు వ్రాసికొనుచున్నారు. ఇది మేలా, కీడా? మా యభిప్రాయమును విద్యార్థులకును, తల్లిదండ్రులకును మనవి చేయుచున్నాము.

ముందుగా యంత్రము చేయు పని యెట్టిదో తెలియవలెను. 1951లో మాంచెస్టరు నగరమున డీట్రిక్ ప్రింజ్ వ్రాసిన ప్రోగ్రామునకు రెండెత్తుల సమస్యను సాధించుటకే సుమారు 15 నిమిషములు పట్టెను. ఒక్కొక్క స్థితిలో 30 ఎత్తులు సాధ్యమనుకొందము. రెండెత్తుల సమస్యలో తెలుపు, నలుపు, మరల తెలుపు ఆడును గనుక మార్గములు 27,000. మూడెత్తులకు అవి 2,43,00,000 అగును. ఒక్క ఎత్తు పెరిగినచో శ్రమ 900 రెట్లు పెరుగును.

అందుచే స్టాక్‌ఫిష్ వంటి ఆట ప్రోగ్రాములు నిష్ప్రయోజనముగ దోచిన ఎత్తులను పైపైన చూచి, తక్కినవానిని లోతుగా వెదకును. సమస్యను కూర్చినవాడో, అట్టి ఎత్తునందే కీలకమును దాచును. కావున లోతైన సమస్యలలో ఆ ప్రోగ్రాము ఆటకట్టు చూపినను, అదియే అతి చిన్న దారి యని నమ్మరాదు. పొపాయ్ వంటి సమస్యా ప్రోగ్రాములు ఏ యెత్తును విడువక పరీక్షించును. వానికి కాలము హెచ్చు పట్టును. తీర్పు మాత్రము గట్టిది.

యంత్రము వలన విద్యకు మేలు కలుగకపోలేదు. 1851లో క్లింగ్, హార్విట్జ్ అను పండితులు రెండు శకటుల నెదుర్కొను ఒంటి గుఱ్ఱమునకు ఒక రక్షణస్థానమును చూపి, అచట ఆట సమమగునని వ్రాసిరి. 1983లో కెన్ థామ్సన్ కంప్యూటరుతో స్థితులన్నియు గణించి, శకటులే గెలుచునని తేల్చెను. 2012లో మాస్కోలోని లొమొనోసోవ్ కంప్యూటరుపై సిద్ధమైన పట్టికలలో, రాజులతో కలిపి 7 పావులే మిగిలియుండియు, ఆట కట్టుటకు 549 ఎత్తులు పట్టు స్థితి కలదు. ఆ యెత్తులను యంత్రము చూపును. అవి యెందులకో చెప్పదు.

ఆ ‘ఎందులకు’ అనునదియే విద్యార్థి నేర్వవలసినది. గుఱ్ఱము నేల బలియిచ్చితిమి? ఏనుగు నేల ఒక గడి వెనుకకు జరిపితిమి? ఈ ప్రశ్నలకు బదులు తెలియనివాడు నూఱు సమస్యల జవాబులు వ్రాసికొన్నను, నూటయొకటవ సమస్య యెదుట నిస్సహాయుడే. సమస్యాసాధన పోటీలలో ఫోను చెంత నుండదు.

కావున మేము కోరునది యిది. మొదట పలకపై పావులు పేర్చి అరగంట యోచింపుడు. నలుపు చేయగల ప్రతి రక్షణకును బదులును, దాని కారణమును మన తెలుగు మాటలలో పుస్తకమున వ్రాయుడు. పిమ్మట యంత్రముచే దిద్దించుకొనుడు. మీరే యొక సమస్యను కూర్చినచో, అందు రెండవ దారి యున్నదేమో వెదకుటకు దానిని తప్పక వాడుడు. ఆ పనిలో అది మనకంటె నేర్పరి. తల్లిదండ్రులు ఫోను లాగుకొననక్కరలేదు. దాని ప్రక్కన ఒక చదరంగపు పలక నుంచిన చాలును.