ఆల్-కాన్ఫరెన్స్ ఓటు: ఎవరు వేశారో చెప్పరేం?

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారం బంతితో ఆడేది) సీజన్ ముగిసే వేళకి ప్రతి కాన్ఫరెన్సూ ఒక జాబితా ప్రకటిస్తుంది. దాన్ని ఆల్-కాన్ఫరెన్స్ టీమ్ అంటారు. ఒక్కో స్థానంలో ఆ ఏడాది ఎవరు బాగా ఆడారో చెప్పే గౌరవం అన్నమాట. ఎమ్మెస్‌కని వెళ్ళి ఈ ఆట మరిగినవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు, కాబట్టి గొడవ వాళ్ళతోనే పెట్టుకుంటున్నా.

నేననేది ఒక్కటే. కోచ్‌లు ఈ జాబితాకి వేసే ఓట్లని పేర్లతో సహా బయటపెట్టాలి. లేదంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

2009 సంగతి గుర్తుందా? సీజన్ మొదలవకముందే ఎస్.ఇ.సి. కోచ్‌లు ఆల్-కాన్ఫరెన్స్ జట్టుని ఎంచారు (ఒక్క ఆటైనా ఆడకముందు ఏం చూసి ఎంచుతారో, అది వేరే గోల). క్వార్టర్‌బ్యాక్ ఫ్లోరిడా వాడు టిమ్ టీబో. 2007లో హైస్మన్ ట్రోఫీ, 2008 సీజన్‌లో జాతీయ టైటిల్. కళ్ళు మూసుకుని ఏకగ్రీవం అనుకున్నారంతా. ఒక్క ఓటు తగ్గింది! విలేకరులు కోచ్‌లని ఒక్కొక్కర్నే నిలదీశారు. చివరికి సౌత్ కరోలినా కోచ్ స్టీవ్ స్పరియర్ ఒప్పుకున్నాడు. బ్యాలెట్ నింపింది తన దగ్గర పనిచేసే ఆయనట, అందులో రాసింది మిసిసిపీ క్వార్టర్‌బ్యాక్ జెవన్ స్నీడ్ పేరట, తను సరిగా చూడలేదట. క్షమాపణ చెప్పి ఓటు మార్చుకున్నాడు. స్పరియర్ ఆషామాషీ మనిషి కాదు, 1966లో అదే ఫ్లోరిడాకి ఆడి హైస్మన్ గెలిచినవాడు. ఆయన బ్యాలెటే అలా ఉంటే మిగతావాళ్ళ సంగతేంటి?

అప్రైజల్ ఫారం చూసిన ప్రతి సాఫ్ట్‌వేర్ జీవికీ ఈ కథ ఎక్కడో విన్నట్టే ఉంటుంది :)

టీబో కాబట్టి బయటపడింది. అదే ఏ లెఫ్ట్ గార్డో అయితే? క్వార్టర్‌బ్యాక్‌కి గజాలున్నాయి, రిసీవర్‌కి క్యాచ్‌లున్నాయి, డిఫెన్స్ వాళ్ళకి ట్యాకిల్స్ ఉన్నాయి. గార్డుకి చెప్పుకోడానికి ఓ అంకె ఉండదు. అతని నంబరు మైకులో వినపడేది తప్పు చేసి ఫ్లాగ్ పడ్డప్పుడే. సర్వర్ పడిపోకుండా చూసేవాడి బతుకు. అలాంటివాణ్ణి గుర్తించాలంటే వీడియో పెట్టుకుని కూర్చుని చూడాలి. చూడకపోతే చెయ్యి పోయినేడాది విన్న పేరు మీదికే పోతుంది.

"కోచ్‌లు చూస్తారు కదా" అంటారు. ఎవర్ని? 2024 నుంచి ఎస్.ఇ.సి.లో 16 జట్లు. 2024, 2025 సీజన్లలో ఒక్కో జట్టు కాన్ఫరెన్స్‌లో ఆడింది 8 మ్యాచ్‌లు, అంటే ఏడు జట్లు అసలు ఎదురుపడనే లేదు. బిగ్ టెన్‌లో 18 జట్లు, 9 మ్యాచ్‌లు. న్యూజెర్సీలో ఉన్న రట్గర్స్ కోచ్, తన షెడ్యూల్లో లేని ఏడాది, సియాటిల్‌లో ఆడే గార్డు గురించి తీర్పు చెప్పాలి. వారం వారం తన ప్రత్యర్థి వీడియోలకే రాత్రిళ్ళు చాలనివాడు! ఇంకో తమాషా, ఎస్.ఇ.సి.లో కోచ్ సొంత జట్టువాళ్ళకి ఓటు వెయ్యకూడదు. న్యాయమే, కాదన్ను. కానీ బాగా తెలిసినవాళ్ళని పక్కన పెట్టాక మిగిలేది సగం తెలిసినవాళ్ళూ, అసలు తెలియనివాళ్ళూనే.

గౌరవమే కదా, పోనిద్దూ అనడానికి లేదు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద సంపాదించుకుంటున్నారు, 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వచ్చు. ఇంకో కాలేజీకి మారే కుర్రాడు బేరానికి కూర్చున్నప్పుడు 'ఫస్ట్ టీమ్' అన్న రెండు మాటలకి ధర పలుకుతుంది. కార్లో, అపార్ట్‌మెంట్లో కాదు, వాళ్ళమ్మ చేసే రెండో ఉద్యోగం మానిపించడం కావచ్చు.

బయటపెట్టడం కుదరని పనీ కాదు. ఏపీ ర్యాంకింగుల్లో ఏ విలేకరి ఎవరికి వేశాడో అందరూ చూడొచ్చు. కోచ్‌ల పోల్‌లోనూ 2005 నుంచి రెగ్యులర్ సీజన్ చివరి బ్యాలెట్లు బయటపెట్టడం మొదలుపెట్టారు. ఆకాశమేం ఊడిపడలేదు.

కోచ్‌ల మధ్య మనస్పర్థలు వస్తాయట. రానివ్వండి. శనివారం శనివారం మైదానంలో కొట్టుకునేవాళ్ళే కదా!