బిడ్డల వయస్సు, పెద్దల సమ్మతి

పదునెనిమిదేండ్లు నిండనివారి వ్యక్తిగత సమాచారమును ఏ సంస్థయైనను గ్రహింపదలచినచో, ముందుగా తలిదండ్రుల సమ్మతిని, అదియు రుజువు చేయదగిన సమ్మతిని, పొందవలయునని 2023వ సంవత్సరపు డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 9వ సెక్షను విధించుచున్నది. దీని యమలునకు 18 నెలల గడువుతో నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సెక్షనును మీరిన సంస్థకు 200 కోట్ల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఉద్దేశమును మేము శంకింపము. కాని యీ సమ్మతి మన యిండ్లలో నెట్లు జరుగునో చట్టకర్తలు చూచినట్లు తోపదు.

ఇంట నున్నది ఒక్క ఫోను. అది తండ్రి పేర కొన్నది. పగలెల్ల ఆయనతో పొలమునకో దుకాణమునకో పోయి, ప్రొద్దుగూకిన పిమ్మట పిల్లవాని చేతికి వచ్చును. గ్యాసు బుక్ చేయుట మొదలు కరెంటు బిల్లు కట్టుటవరకు దానిని నడపువాడు పిల్లవాడే. సమ్మతి కోరుచు సందేశము వచ్చినది. వెంబడినే ఓటీపీ వచ్చినది. దానిని చదివి తండ్రికి చెప్పువాడెవడు? అడుగువాడును ఆ బిడ్డయే, ఔననువాడును ఆ బిడ్డయే! ఇది అతిశయోక్తి యనువారు 2024 అసర్ నివేదికను చూతురుగాక. మన దేశపు పల్లెలలో 14 మొదలు 16 ఏండ్ల వయస్సు పిల్లలలో నూటికి 82 మందికి స్మార్టుఫోను వాడుట తెలియును. అట్లు తెలిసినవారిలో అంతకు ముందు వారములో దానిని చదువు నిమిత్తము వాడినవారు నూటికి 57 మంది. సామాజిక మాధ్యమములకై వాడినవారు 76 మంది.

అమెరికాలో 1998 నాటి చట్టము 13 ఏండ్లలోపు వారికి తలిదండ్రుల యనుమతి కావలెనన్నది. పిల్లలెందరో పుట్టిన సంవత్సరమును మార్చి వ్రాసి లోనికి పోయిరి. ఆస్ట్రేలియావారు వేరు త్రోవ త్రొక్కిరి. 2025 డిసెంబరు 10వ తేది మొదలు 16 ఏండ్లలోపువారికి పెద్ద సామాజిక మాధ్యమములలో ఖాతా యుండరాదనిరి. తల్లి సమ్మతించినను ఉండరాదు, తప్పు జరిగినచో శిక్ష సంస్థకే. అంతటి నిషేధము మనకు వలయునని మేమనము గాని, భారమును సంస్థపై మోపిన వారి తెలివి గ్రహింపదగినది. మనవారు ఎనిమిదేండ్ల బాలునకును, ఇంటరు చదువు పదునేడేండ్ల బాలికకును ఒకే కట్టుబాటు పెట్టినారు. ఐరోపావారు 13కును 16కును నడుమ హద్దు నేర్పరచుకొను స్వేచ్ఛను సభ్యదేశములకు విడిచిరి.

మరియొక చిక్కు గలదు. బిడ్డ యెవరో తెలియవలెనన్న పెద్దల వయస్సును గూడ విచారింపవలసివచ్చును. ఆంతరంగికత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017లో తీర్పు చెప్పిరి. ఆ హక్కును కాపాడుటకు పుట్టిన చట్టము పేర, ప్రతి సంస్థయు ప్రతివాని గుర్తింపు కాగితములను ప్రోగుచేసికొనుట కెడమీయరాదు.

ఈ సెక్షనులో మేము మిక్కిలి మెచ్చునది మూడవ ఉపవిభాగము. బిడ్డల జాడ తీయరాదు, వారి నడతను కనిపెట్టరాదు, వారికై గురిపెట్టి ప్రకటనలు వేయరాదు అని యది శాసించుచున్నది. పాఠశాలలు, వైద్యశాలలు మొదలగువానికి కొన్ని మినహాయింపులు గలవు, అవి సబబే. తక్కినవారికి ఈ నిషేధము తండ్రి సంతకముతో తొలగునది కాదు. బిడ్డ కన్ను తెరనుండి కదలకుండ పట్టి యుంచు వ్యాపారమునకు మూలము ఇచ్చటనే యున్నది. కావున సమాచార రక్షణ బోర్డువారు ఫిర్యాదు రాకుండుటయే క్షేమమని యూరకుండక, సంస్థల లెక్కలను ఈ యుపవిభాగము క్రింద తామే అడిగి చూచునట్లు ప్రభుత్వమువారు ఏర్పాటు చేయవలయును.

ఇక సమ్మతి సంగతి. సమ్మతి కోరు పత్రమును ఇంగ్లీషులోగాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలు భాషలలోగాని చదువుకొను వీలుండవలెనని చట్టమే చెప్పుచున్నది. తెలుగున అచ్చువేసినంత మాత్రమున చాలదు. అక్షరము రాని తల్లికి దానిని ఫోనే చదివి వినిపింపవలయును, కొడుకు కాదు.