27 ఏళ్లకే అన్‌ఫిట్

మా గోదావరిఖనిలో 'అన్‌ఫిట్' అంటే ఏంటో చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొత్తగూడెం మెడికల్ బోర్డు ఆ మాట రాసిందంటే తండ్రి ఇంటికి, కొడుకు గనికి. మొన్న మా చిన్నాయన అన్‌ఫిట్ అయ్యాడు. ఆయన కొడుక్కి ఇరవై రెండేళ్లు, ఫుట్‌బాల్ పిచ్చోడు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "అన్నా, డ్యూటీల చేరితే ఇగ ఆట అయిపోయినట్టేనా?" అన్నాడు. హైదరాబాద్‌లో రూమ్‌లో కూర్చుని ఎవరిదో కోడ్ రివ్యూ చేస్తున్నా. ఏం చెప్పాలో తోచక తులసీదాస్ బలరామ్ కథ మొదలుపెట్టా.

"ఎవరన్నా ఆయన?" అన్నాడు. మీలో కూడా చాలామంది అదే అడుగుతారని నాకు తెలుసు.

సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టారు బలరామ్. తమిళ కుటుంబం, చేతిలో పైసల్లేని ఇల్లు. పోలీసులు పారేసిన పాత బూట్లతో చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నారట. ఆ కుర్రాడి ఆట చూసి రమ్మన్నది హైదరాబాద్ సిటీ పోలీస్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్. అదే, 'మైదాన్' సినిమాలో అజయ్ దేవగణ్ వేసిన పాత్ర. ప్రాక్టీస్‌కి అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్‌కి ఏర్పాటు చేసింది కూడా ఆయనే.

1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్. ఇరవై ఏళ్ల బలరామ్ ఆ జట్టులో ఉన్నారు. మన దేశం సెమీఫైనల్ దాకా వెళ్లి నాలుగో స్థానంలో నిలిచింది. ఆసియా నుంచి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీస్‌కి చేరిన మొదటి జట్టు మనదే. 1960 రోమ్‌లో హంగరీ చేతిలో 2-1తో ఓడిపోయాం, ఆ ఒక్క గోల్ బలరామ్‌ది. పెరూ మీద కొట్టిన గోల్ కూడా ఆయనదే. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చుకున్నాం. చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరామ్... ముగ్గురి పేర్లూ కలిపే చెప్పేవాళ్లు. మొదటి ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కి అర్జున దగ్గరే ఆగిపోయింది. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది.

ఇక్కడ మా తమ్ముడు ఆపి అసలు ప్రశ్న వేశాడు. "అన్నా, పైసలెట్ల వచ్చేటియి?"

అప్పట్లో మన ఫుట్‌బాల్ కాగితం మీద అమెచ్యూర్. వేలంపాట లేదు, ఏజెంట్ లేడు. నేషనల్ లీగ్ వచ్చిందే 1996లో, ఐఎస్ఎల్ 2014లో. అంతకుముందు ఆటగాడికి అన్నం పెట్టింది ఉద్యోగం: పోలీసు, ఆర్మీ, రైల్వే. ఆడేది జట్టుకి, జీతం డిపార్ట్‌మెంట్‌ది. మన సింగరేణి జట్లు కోల్ ఇండియా పోటీలకు వెళ్లేది కూడా ఇదే లెక్కలో. బలరామ్ 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కి ఆడారు. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించారు. పెద్ద క్లబ్బు, వేలమంది జనం, పేపర్లో ఫొటోలు. అయినా తర్వాత ఆయన చేరింది రైల్వే జట్టు బీఎన్ఆర్‌లో.

1963లో ప్లూరసీ వచ్చింది. ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర వాచే జబ్బు. 27 ఏళ్లకే ఆట బంద్. మా ఊరి భాషలో మెడికల్ అన్‌ఫిట్. అదే ఏడాది జూన్‌లో గురువు రహీమ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. జకార్తాలో జట్టు పక్కన నిలబడినప్పటికే ఆయనకు ఆ జబ్బుంది.

ఈ మాట చెప్పాక ఫోన్‌లో కాసేపు సప్పుడు లేదు. చిన్నాయన దగ్గు మాత్రం వెనక నుంచి వినిపిస్తోంది.

ఆట పోయినా ఉద్యోగం నిలబడింది. బలరామ్ బెంగాల్‌లోనే ఉండిపోయి, కుర్రాళ్లకు కోచింగ్ ఇచ్చి, 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. చివరి ఏళ్లలో ఉత్తర్‌పారాలో ఒంటరిగా గడిపారు. "చూసినవా, ఉద్యోగం ఉంటే..." అని మొదలుపెట్టి నేనే ఆగిపోయా. పోలిక పూర్తిగా అతకదు. రైల్వే ఆయన ఊపిరి అడగలేదు. మావాడు బదిలీ వర్కర్‌గా దిగాల్సింది అండర్‌గ్రౌండ్‌లోకి. ఏడాదికి 190 మస్టర్లు నిండితేనే పర్మినెంట్ మాట. షిఫ్ట్ దిగి వచ్చాక గ్రౌండ్‌కి వెళ్లే ఓపిక ఎంతమందికి ఉంటుందో మా బాపును చూసి పెరిగినవాణ్ని, నాకు తెలుసు. అట్లని చేరొద్దని చెప్పడానికి నేనెవర్ని? ఏసీలో కూర్చున్నోణ్ని.

"మ్యాచ్ ఉన్న రోజు ఆయనకు మస్టర్ పడేదా అన్నా?" అన్నాడు చివరికి.

తెలీదురా అన్నాను. శనివారం ఊరికి పోతున్నా. వచ్చేటప్పుడు బూట్లు తెమ్మన్నాడు, తొమ్మిదో నంబర్.