ఎక్స్ క్రోమోజోమును వదిలేసిందెవరు?

ఏ జబ్బు వెనక ఏ జన్యువు ఉందో వెతకడానికి వేలమంది జీనోములను ఒకేసారి పోల్చిచూసే అధ్యయనాలు 2005 తర్వాత వరదలా వచ్చాయి. అలాంటి పత్రాలను వందల్లో తిరగేసిన కొందరు పరిశోధకులు 2013లో ఒక సంగతి బయటపెట్టారు. ఎక్స్ క్రోమోజోమును లెక్కలోకి తీసుకున్నవి వాటిలో మూడో వంతే! జీనోములో సుమారు 5 శాతం ఉండే భాగాన్ని మిగతావాళ్ళు పక్కన పెట్టేశారు. లూపస్ రోగుల్లో పదింట తొమ్మిదిమంది స్త్రీలేనని వైద్యులందరికీ తెలిసి కూడా.

ఆడవాళ్ళమీద కక్షతో కాదు, లెక్క కుదరక. మగవాళ్ళకు ఎక్స్ ఒకటే, మనకు రెండు. ఆ రెంటిలో ఒకటి ప్రతి కణంలోనూ దాదాపు నిద్రపోతుందని మేరీ లయన్ 1961లోనే చెప్పింది. మిగతా 22 జతలకు హాయిగా పనిచేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు, వేరే ప్రోగ్రాం రాయాలి. రాయడం శ్రమ, వదిలేయడం సులువు. ఇంటిచాకిరీ జాతీయాదాయంలోకి ఎక్కకపోవడానికి చెప్పిన సాకు కూడా ఇదే కదా, లెక్కగట్టడం కష్టమని!

అందుకే ఈ సాఫ్ట్‌వేర్ రాసేదెవరు, వాళ్ళకు నేర్పేదెవరు అన్నది మన ప్రశ్న కూడా. జీనోమ్ పరిశోధకులు ఉచితంగా వాడుకునే పనిముట్లలో చాలావాటికి విద్యార్థుల చేతులు తోడయ్యాయి. బయోపైథాన్ వంటివాటిని నడిపే ఓపెన్ బయోఇన్ఫర్మాటిక్స్ ఫౌండేషన్ 2010లో గూగుల్ వారి 'సమ్మర్ ఆఫ్ కోడ్'లో చేరింది. వేసవిలో ఒక విద్యార్థి, పక్కన ఒక మెంటర్. మంచి ఏర్పాటే, కాదనను.

"తలుపులు అందరికీ తెరిచే ఉన్నాయి, ఆడపిల్లలే రావడంలేదు" అంటారు. ఈ మాట ఎంత బూటకమో జీనోములతో సంబంధం లేని గ్నోమ్ అనే సాఫ్ట్‌వేర్ బృందం అనుభవం చెబుతుంది. 2006లో ఇదే పథకం కింద ఆ బృందానికి 181 దరఖాస్తులు వచ్చాయి. ఒక్క స్త్రీ లేదు. ఆ వేసవిలోనే స్త్రీలకోసం విడిగా పిలుపిస్తే వందమంది దరఖాస్తు చేశారు. అంతకు కొన్ని వారాలముందు ఈ వందమందీ భూమిమీద లేరా? ఆ పిలుపు నుంచే తర్వాత అవుట్‌రీచీ అనే పథకం పుట్టింది.

అడ్డం తలుపు దగ్గర లేదు, అంతకు ముందే ఉంది. దరఖాస్తుకు ముందే కొంత కోడ్ రాసి చూపించాలి. తెలియనిది నలుగురి ముందూ అడగాలి. మెంటర్ అమెరికాలో ఉంటే ఆయన పగలు మనకు అర్ధరాత్రి. అబ్బాయికి గదిలో సీనియర్ అన్నయ్య ఉంటాడు, ఏ ఫైలు ముట్టుకోవాలో చెవిలో చెబుతాడు. అమ్మాయికి హాస్టల్ గేటు సాయంత్రమే పడుతుంది. ఇంట్లో ఉంటే ఆ వేసవి పెళ్ళిచూపులకు, వంటింటికి పోతుంది. ఇవన్నీ దాటి ఒక ప్రశ్న అడిగితే, "ముందు డాక్యుమెంటేషన్ చదువుకో" అని ఒక్క ముక్క జవాబు. ఆ అమ్మాయి మళ్ళీ అడగదు. ఆమెకు ఆసక్తి లేదని రాసుకుంటారు! ఇక డబ్బు సంగతి. అవుట్‌రీచీ ఏ దేశం వారికైనా ఒకే మొత్తం ఇస్తుంది. సమ్మర్ ఆఫ్ కోడ్ దేశాన్నిబట్టి ఇస్తుంది, మనవాళ్ళకు తక్కువ.

మెంటర్లనే తిట్టి ఊరుకోవడం కూడా అన్యాయమే. సమ్మర్ ఆఫ్ కోడ్‌లో వాళ్ళు స్వచ్ఛందంగా చేస్తారు. ప్రమోషన్‌కు పరిశోధనపత్రాలు లెక్కకొస్తాయి గాని, ఒక పిల్ల భయం పోగొట్టడానికి పెట్టిన గంటలు రావు. పైగా "మీరైతే ఓపిగ్గా చెబుతారు మేడమ్" అంటూ ఆ గంటలను ల్యాబులో ఉన్న ఒక్క స్త్రీకే అంటగడతారు. నేర్పడం పని. పనికి కూలి ఉండాలి.

ఇది దూరపు గొడవ కాదు. జీనోమ్ ఇండియా కింద సేకరించిన 10,000 జీనోముల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. అందులో పాలుపంచుకున్న సంస్థల్లో హైదరాబాద్ సీసీఎంబీ ఒకటి. ఖర్చు ప్రజలది. రక్తం ఇచ్చినవాళ్ళలో స్త్రీలూ ఉన్నారు. మార్చి 8న ఇలాంటి సంస్థలు మనల్ని పిలిచి శాలువా కప్పినప్పుడు మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. ఈ ఏడు మీ దగ్గర కోడ్ నేర్చుకున్న జిల్లా కాలేజీల అమ్మాయిలు ఎంతమంది? నేర్పినవారికి ఆ గంటలు డ్యూటీ కింద రాశారా? మీరు వాడే ప్రోగ్రాం ఎక్స్ క్రోమోజోమును లెక్కిస్తుందా, వదిలేస్తుందా? జవాబు కాగితంమీద రాసిమ్మందాం.